సున్నా నంబరు ఫొటో

హొసపేటెలో రైలు దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. మామయ్య ఒక చేత్తో నా భుజం పట్టుకుని, రెండో చేత్తో గోధుమరంగు కవరును గుండెకు ఆనించుకుని మెల్లగా మెట్లు దిగాడు. కవరును పెట్టెలో పెడదామని రాత్రంతా చెప్పినా వినలేదు. అందులో 36 ఫొటోల కాపీలున్నాయి. 1987లో మేం నలుగురం హంపీ చూడటానికి వచ్చినప్పుడు తీసినవి. అప్పుడు కూడా ఇదే స్టేషనులో దిగాం. మామయ్య, అక్క, నేను, హాస్టల్లో నా గదిలో ఉండే స్నేహితురాలు. నాకు 19 ఏళ్లు, మామయ్యకు 41. ఆ స్నేహితురాలు ఇప్పుడు చాలా దూరదేశంలో ఉంటోంది. ఈసారి ఆమె చోటులో మా అమ్మాయి వచ్చింది.

ఈ ప్రయాణానికి కారణం మా అమ్మాయి అడిగిన ఒక ప్రశ్న.

అక్క దగ్గరున్న పాత ఆల్బమ్ జిగురు పేజీలది. పేజీ మీద ఫొటో అతికించి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పే రకం. ఆ రోజుల్లో అందరిళ్లలోనూ అవే ఉండేవి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ జిగురు ఫొటో వీపును పట్టేసుకుంటుంది, లాగితే చిరుగుతుంది. పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్నటి దారాన్ని ఫొటో కిందికి పోనిచ్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ మెల్లగా లాగుతూ నేనూ అమ్మాయీ రెండు రాత్రులు కూర్చుని ఒక్కొక్కటే ఊడదీశాం. ఒక్కదానికి మాత్రం మూల చిరిగింది. అన్నీ ఎర్రబారిపోయి ఉన్నాయి. ఆనాటి రంగు ఫొటోల్లో నీలి ఛాయనిచ్చే రంగు అన్నిటికంటే ముందు వెలిసిపోయేది, అందుకే ఆకాశం కూడా ఇటుక పొడి చల్లినట్టు కనిపిస్తుంది. ఆల్బమ్ చివరి అట్ట వెనక పల్చటి కాగితపు సంచుల్లో నెగటివులు దొరికాయి. నిధి దొరికినంత సంబరపడ్డాను. 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉండే ఆ చిన్న ముక్కను అంగుళానికి 2400 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే నిలువునా అడ్డంగా 3400, 2200 చుక్కలకు పైనే వస్తాయి. గోడకు తగిలించుకునేంత బొమ్మ. ఆకాశం మళ్లీ నీలంగా వచ్చింది.

తెర మీద ఒక్కో ఫొటో చూస్తూ అమ్మాయి అడిగింది: "తాతయ్య ఒక్కదాంట్లో కూడా లేడేమిటి?"

36 ఫొటోలు మళ్లీ మొదటినుంచి చూశాం. లేడు. నేను, అక్క, స్నేహితురాలు. జంటలుగా, ఒంటరిగా, ముగ్గురం కలిసి. మామయ్య లేడు. సరిగ్గా చెప్పాలంటే, తొమ్మిది ఫొటోల్లో ఉన్నాడు. సూర్యుడు తన వెనక ఉన్నప్పుడల్లా ఫొటో కింది అంచున అతని నీడ పడింది. తల, రెండు వైపులా రెక్కల్లా ఎత్తిన మోచేతులు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకూ ఈ ఫొటోలు చూపిస్తున్నాం. ఆ నీడను ఒక్కసారి కూడా చూడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున్నే మామయ్యకు ఫోను చేసి, హంపీ వెళదాం రమ్మన్నాను. "మోకాళ్లు ఒప్పుకుంటే వస్తాను" అన్నాడు. ఒప్పుకున్నాయి.

మొదటి రోజు విరూపాక్ష ఆలయం ముందు వీధిలో నిలబడి కవరు విప్పాం. తొమ్మిది అంతస్తుల తూర్పు గోపురం ఫొటోలో ఎలా ఉందో అలాగే ఉంది. వీధి మాత్రం పోల్చుకోలేకపోయాం. మా ఫొటోలో రెండు పక్కలా రాతి మండపాల నిండా దుకాణాలు, ఇళ్లు. స్తంభాల మధ్య గోడలు కట్టి, తలుపులు పెట్టుకుని మనుషులు కాపురాలుండేవారు. 2011లో వాటిని ఖాళీ చేయించారు. ఇప్పుడు వట్టి స్తంభాలు వరుసగా నిలబడి ఉన్నాయి. పాత కట్టడం బాగా కనబడుతోంది, నిజమే. కానీ చేతిలో ఫొటో పట్టుకుని చూస్తే ఆ ఖాళీ వేరుగా ఉంటుంది.

అక్క ఒక నీలం తలుపు ముందు నిలబడి నవ్వుతున్న ఫొటో ఒకటుంది. ఆ తలుపు ఎక్కడుండేదో వెతుకుతూ స్తంభాలు లెక్కపెడుతున్నాం. గుడి దగ్గర పూలమ్ముకునే ఒక పెద్దావిడ మమ్మల్ని చాలాసేపు చూసి, ఏమిటి వెతుకుతున్నారని తెలుగులోనే అడిగింది. ఫొటో చేతికిచ్చాను. ఆమె ముందు వేళ్లు కొంగుకు తుడుచుకుని, ఆ తర్వాత అంచులు పట్టుకుంది. కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది. అక్కను చూడనే లేదు. అక్క భుజం పక్కన తలుపు మీద వేలు పెట్టి, "ఈ గొళ్లెం మా ఆయన పెట్టింది" అంది.

మేం ముప్పై ఎనిమిదేళ్లు అది అక్క ఫొటో అనుకున్నాం. అది ఆమె ఇంటి ఫొటో. ఆ తలుపు బొమ్మ ఆమె దగ్గర ఒక్కటి కూడా లేదట. ఆ కాపీ ఆమెకే ఇచ్చేశాం. పూలబుట్ట అడుగున పరిచిన కాగితం కింద దాన్ని జాగ్రత్తగా దాచుకుంది. అక్క ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం గదికి వచ్చాక, "వెనక మనుషులున్న ఫొటోలన్నీ పక్కన పెట్టు, రేపు పట్టుకెళదాం" అంది.

రెండో రోజు విఠల ఆలయం. ఇప్పుడు వాహనాలు దూరంగానే ఆగిపోతాయి, అక్కడి నుంచి బ్యాటరీ బండిలో తీసుకెళతారు. మామయ్యకు అది మేలైంది. రాతిరథం ముందు మా పాత గొడవ మళ్లీ మొదలైంది. ఇక్కడే వాన పడిందని అక్క, పడలేదని నేను ఎన్ని పెళ్లిళ్లలో వాదించుకున్నామో లెక్క లేదు. ఈసారి నా దగ్గర సాక్ష్యం ఉంది. ఆల్బమ్‌లో ఫొటోలు వరుస తప్పాయి, కానీ నెగటివు అంచున ముద్రించిన అంకెలు తప్పవు. రథం ఫొటో 22వది, నేల మీద నీడలు కత్తితో కోసినట్టున్నాయి. 25వది తుంగభద్ర ఒడ్డున పుట్టి దగ్గర తీసింది, అందులో రాళ్లన్నీ తడిసి మెరుస్తున్నాయి. వాన పడింది, ఇక్కడ కాదు. ఇద్దరం సగం సగం గెలిచాం. ఆ రెండు ఫొటోలూ స్నేహితురాలికి పంపించాను. మెసేజీల్లో మామూలుగా పంపితే బొమ్మ నాణ్యత తగ్గిపోతుందని, డాక్యుమెంట్‌గా పంపాను. అరగంటలో ఆమె జవాబు వచ్చింది: "వానలో నా చెప్పు ఏట్లో కొట్టుకుపోయింది. 25లో నా కుడికాలు చూడండి." పెద్దది చేసి చూశాం. ఒక కాలికి చెప్పు లేదు. ఇది మా ఇద్దరికీ బొత్తిగా గుర్తు లేదు.

22వ ఫొటోలో మేం ముగ్గురం రథాన్ని లాగుతున్నట్టున్న రాతి ఏనుగుల మీద చేతులేసి నిలబడ్డాం. ఇప్పుడు రథం చుట్టూ అడ్డు కట్టారు, తాకడానికి లేదు. అదే మంచిది. ఏనుగుల వెనక చూస్తే ఏవో వెనక కాళ్లు, తోకలు రాతిలో మిగిలి ఉంటాయి. మొదట అక్కడ గుర్రాలుండేవి, ఏనుగుల్ని తర్వాత తెచ్చి పెట్టారు. ఆనాడు మామయ్య ఇది చూపించి చెప్పాడట, నేను వినలేదు. మా అమ్మాయి ఫోనులో ఇంకా పాత ఫొటో ఒకటి చూపించింది. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి మైనం పట్టించిన కాగితపు నెగటివుల మీద హంపీ శిథిలాలను ఫొటోలు తీశాడు. అందులో ఈ రథం మీద ఇటుకలతో కట్టిన శిఖరం ఉంది! ఇప్పుడు లేదు, మా 1987 ఫొటోలోనూ లేదు. ఆయన అక్కడ నిలబడి తీయకపోయి ఉంటే రథం మొదటినుంచీ ఇలాగే బోసితలతో ఉండేదని అందరం నమ్మేవాళ్లం. మామయ్య ఆ ఫొటోను చాలాసేపు చూసి, "ఎక్కడ నిలబడి తీసి ఉంటాడు?" అని అడిగాడు. తీసేవాడు మాత్రమే అడిగే ప్రశ్న అది. ఆ చోటు వెతకడానికి కర్ర పట్టుకుని నాలుగుసార్లు ముందుకూ వెనక్కూ నడిచాడు. మోకాళ్ల సంగతి మరిచిపోయాడు.

మూడో రోజు పొద్దున విరూపాక్ష ఆలయంలో గర్భగుడి వెనక చీకటి గదిలోకి వెళ్లాం. ఒక గోడలో ఉన్న చిన్న రంధ్రంలోంచి వెలుగు వచ్చి, ఎదుటి గోడ మీద తూర్పు గోపురం నీడ తలకిందులుగా పడుతుంది. కలశాలు కిందికి, పునాది పైకి. 1987లో మామయ్య దీన్ని కూడా తీశాడు. 14వ ఫొటో, పూర్తిగా నలుపు. ఆ నల్ల ఫొటోను స్టూడియోవాళ్లు ప్రింటు ఎందుకు వేశారోనని మేం ఎప్పుడూ విస్తుపోయేవాళ్లం. "నేనే వేయమన్నాను. మీకు ఈ గది గుర్తుండాలని" అన్నాడు మామయ్య. తర్వాత గోడ వైపు తిరిగి మా అమ్మాయికి చెప్పాడు. "ఇదే కెమెరా అమ్మా. చీకటి పెట్టె, ఒక కన్నం. లోపల ఫిల్ము లేదు, అంతే తేడా." అమ్మాయి ఫోనులో ఆ నీడ చక్కగా వచ్చింది.

ఆ రాత్రి లాడ్జి గదిలో మంచం మీద ఫొటోలన్నీ పరిచి, స్నేహితురాలిని వీడియో కాల్‌లోకి పిలిచాం. అక్కడ ఆమెకు పగలు. నేను కాపీల వెనక మెత్తటి పెన్సిల్‌తో రాస్తున్నాను, బాల్ పెన్ను గట్టిగా ఒత్తితే ఆ గాడి ముందువైపు తేలుతుంది. ఏ చోటు, ఎడమ నుంచి ఎవరెవరు. అప్పుడు అమ్మాయి గుర్తు చేసింది, స్కాన్ చేసినవి 36 కాదు, 37 అని. నెగటివు మొదట్లో, 1కి ముందు, 0 అని అంకె ఉన్న ముక్క ఒకటుంది. వెలుగు తగిలి స్కాన్‌లో సగం తెల్లగా మాడిపోయినట్టుంది. స్టూడియోవాళ్లు దాన్ని ప్రింటు వేయలేదు, నేనూ పాడైన ముక్క అనుకుని వదిలేశాను. మిగిలిన సగంలో చారల చొక్కా భుజం ఒకటి, గడియారం కట్టిన మణికట్టు, సూటిగా మన వైపు చూపిస్తున్న వేలు.

ఫోను మామయ్య చేతికిచ్చాను. కళ్లజోడు సవరించుకుని, రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేయడం అమ్మాయి దగ్గర నేర్చుకుని, చూశాడు.

"ఇది నువ్వు తీసిందే. హొసపేటె స్టేషనులో ఫిల్ము ఎక్కించి, నొక్కి చూడమని నీకిచ్చాను. నీ బొటనవేలు అద్దానికి అడ్డం పెట్టావు. దాన్ని పక్కకు తీయమని చెబుతున్నాను, నా వేలు అందుకు. తర్వాత వెనక మూత సరిగా పడలేదేమోనని మళ్లీ తెరిచాను. అందుకే మాడింది."

నాకు ఏమీ గుర్తు లేదు. ఆ స్టేషను, ఆ కెమెరా బరువు, ఆ వేలు, ఏదీ లేదు. "మరి ఆ తర్వాత ఒక్కసారైనా నాకు కెమెరా ఇవ్వలేదేమిటి మామయ్యా?" అన్నాను.

"నువ్వు అడగలేదు కదా" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, జరిగింది జరిగినట్టు చెప్పాడు. తెర మీద స్నేహితురాలు, మంచం మీద అక్క, ఇద్దరూ మాట్లాడకుండా ఉండిపోయారు.

మర్నాడు రైలుకు ముందు హొసపేటెలో ఒక స్టూడియోలో దాన్ని ప్రింటు వేయించాం. మాడిన సగాన్ని కత్తిరించాలా అని వాళ్లు అడిగితే, వద్దు, మొత్తం కావాలని మామయ్యే చెప్పాడు. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని నా దగ్గర పెన్సిల్ అడిగి తీసుకున్నాడు. ఫొటోను మోకాలి మీద బోర్లా పెట్టుకుని, వణికే అక్షరాలతో రాశాడు: హొసపేటె స్టేషను, 1987. తీసింది మా మేనకోడలు.