అడవికి రానివాళ్ల లెక్క

ఆదివారం అడవికి ఎంతమంది వస్తారో శుక్రవారమే చెప్పాలి, ఫిన్లాండ్‌లో నా ఉద్యోగం ఇదే.

ఇక్కడి నేషనల్ పార్కులకి ఎంట్రీ టికెట్ లేదు, కాబట్టి ఎవరొచ్చారో రాసుకునేవాళ్లూ లేరు. కాలిబాట పక్కన చిన్న కౌంటర్ పెడతారు, మనిషి దాటితే అంకె పెరుగుతుంది. ఇద్దరు పక్కపక్కన నడిస్తే ఒక్కరుగానే పడొచ్చు, వెళ్లినవాళ్లు అదే దారిన తిరిగొస్తే రెండుసార్లు పడుతుంది, అందుకే అప్పుడప్పుడు మనుషులే కూర్చుని లెక్కపెట్టి ఆ అంకెని సరిచేయాలి. ఇంతా చేస్తే తేలేది ఎన్నిసార్లు వచ్చారన్నదే, ఎంతమంది వచ్చారన్నది కాదు.

ఈ అంకెల నుంచి నేర్చుకుని, రాబోయే రోజుల్లో ఎంతమంది వస్తారో అంచనా కట్టే కంప్యూటర్ లెక్కనే మేం మోడల్ అంటాం. అందులో అన్నిటికన్నా బలమైనది దూరం. 1947లో హెరాల్డ్ హోటెలింగ్ అనే ఎకనామిస్ట్ అమెరికా నేషనల్ పార్కుల శాఖకి రాసిన ఉత్తరంలో, జనం ఎంత దూరం నుంచి ఎంత ఖర్చు పెట్టుకుని వస్తున్నారో చూస్తే ఆ చోటు విలువ తెలుస్తుందన్నాడు. ఆ ఆలోచన ఇప్పటికీ పనిచేస్తోంది. దానికి వాతావరణం, సెలవులు, బస్సు సౌకర్యం, దగ్గర్లో ఇంకో అడవి ఉందా లేదా అన్నవి కలుపుతాం. 2020లో కరోనాతో హెల్సింకి పక్కనున్న నూక్సియో లాంటి చోట్లకి జనం పెరిగారు, పాత డేటాతో నేర్చుకున్న మోడల్‌కి అలాంటి ఏడాది అందదు.

కానీ నాకు నిజంగా బాధ కలిగించేది వేరే ఉంది. మోడల్ నేర్చుకునేది వచ్చినవాళ్ల నుంచే. నాలాగా బయటి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లలో నాకు తెలిసిన చాలామంది పిల్లాపాపలతో గుంపుగా వస్తారు, పార్కింగ్ దగ్గర్లోనే, మంట వేసుకోవడానికి కట్టిన చోట కూర్చుని కబుర్లు చెప్పుకుని వెళ్లిపోతారు, కౌంటర్ ఉన్న కాలిబాట దాకా పోరు. కొందరికి కారు లేదు, ఆదివారం కూడా షిఫ్టే. ఇళ్ల ఆవరణలూ పంట పొలాలూ వదిలేస్తే ఎవరి అడవిలోనైనా నడవొచ్చు, బెర్రీలు కోసుకోవచ్చు అన్న ఇక్కడి హక్కు విదేశీయులకీ ఉందని కొందరికి తెలియనే తెలియదు. డేటాలో ఇదంతా సున్నా. ఆ సున్నాని చూసి వీళ్లకి ఆసక్తి లేదనుకుంటారు, బస్సు వేయరు, బస్సు లేదు కాబట్టి వీళ్లు రారు, మరుసటి ఏడాది అంచనా ఇంకా తగ్గుతుంది.

అందుకే ప్రతి మీటింగ్‌లో ఒకటే అడుగుతున్నాను, సర్వే అడవిలో కాదు, ఇళ్ల దగ్గర చేద్దాం, ఫిన్నిష్‌లోనే కాకుండా వాళ్లకొచ్చిన భాషల్లో చేద్దాం అని. ఖర్చు ఎక్కువంటారు, నిజమే. చివరికి ఒక పేటలో మొదలుపెట్టడానికి ఒప్పుకున్నారు, ప్రశ్నలు నేనే రాస్తున్నాను. మీ ఇంటి నుంచి బస్సులో వెళ్లగలిగే అడవి ఏదో తెలుసా అన్నది ముందు పెట్టాను, ఎన్నిసార్లు వెళ్లారన్నది తర్వాత.