మామగారి బీరు, అల్లుడి పేరు

"బీరు డబ్బుతో కట్టిన ఊరు అత్తయ్యా, చూద్దాం రండి" అన్నాడు మా అల్లుడు. ఆ వాసనే గిట్టని నాకు అమెరికాలోని ఆ మిల్వాకీలో ఏం పని? కానీ అరోరా బాలాజీ గుడి అయింది, షికాగో మేడలూ అయ్యాయి. తెనాలిలో ఎరువుల కొట్టు వదిలి రాలేనని మా ఆయన ఆగిపోయారు కాబట్టి నాకు తోడు కూతురూ అల్లుడే. వాళ్లుండే నేపర్‌విల్ నుంచి కారులో బయల్దేరాం.

విస్కాన్సిన్ అవెన్యూలో 1892లో పూర్తయిన, బీరు వ్యాపారి పాబ్స్ట్ భవనం ముందు దిగాం. చలిమంట గూళ్లే 14 ఉన్నాయట, ఊడ్చేవాళ్లను తలుచుకున్నాను. ఇంత ఇల్లు కట్టించిన ఫ్రెడరిక్ పాబ్స్ట్ 1836లో ప్రష్యాలో, అంటే ఇప్పటి జర్మనీలో పుట్టాడు. పన్నెండేళ్లకు అమ్మానాన్నలతో అమెరికా చేరాడు. మరుసటి ఏడే షికాగోలో కలరాకి తల్లి పోయింది. హోటల్లో వడ్డించాడు, మిషిగన్ సరస్సు మీద తిరిగే ఓడల్లో కుర్రపనులు చేశాడు, చివరికి ఓ ఓడకి కెప్టెన్ అయ్యాడు. 1862లో మిల్వాకీ బీరు వ్యాపారి ఫిలిప్ బెస్ట్ కూతురు మరియాని పెళ్లాడాడు.

1863 డిసెంబరు తుపానులో ఆయన ఓడ సీబర్డ్ మిల్వాకీ పక్కనున్న వైట్‌ఫిష్ బే దగ్గర ఒడ్డుకెక్కేసింది. చాలిక అనుకున్నాడో ఏమో, 1864లో మామగారి ఫ్యాక్టరీలో సగం వాటా కొన్నాడు. బీరు కాయడం ఆయనకేం తెలుసు? అమ్మడం తెలుసు. పదేళ్లు తిరిగేసరికి దేశంలో అంత బీరు అమ్మేవాళ్లు లేరు. 1889లో కంపెనీకి మామగారి పేరు తీసి తన పేరు పెట్టుకున్నాడు. అదే ఏడు, ఓడ చెడిన ఆ వైట్‌ఫిష్ బేలోనే జనం విహారానికొచ్చి బీరు తాగే తోట తెరిచాడు. ఆ గుండె ధైర్యానికి మెచ్చుకోవాల్సిందే.

నాకు బాగా నచ్చింది గొట్టం కథ. పన్ను లెక్క కోసం బీరంతా ముద్ర వేసిన పీపాల్లోకే పోయాలని అప్పటి చట్టం. సీసాలు నింపే చోటు వేరుగా ఉండాలి. అంటే పీపాలకెత్తి, రోడ్డు దాటించి, మళ్లీ సీసాల్లోకి ఒంపడం! వ్యాపారులంతా పట్టుబట్టి 1890లో చట్టం మార్పించుకున్నాక బీరు నేరుగా గొట్టంలో వెళ్లింది. ఆ సీసాల మెడకి 1882 నుంచి నీలం పట్టు రిబ్బను, అదీ చేత్తో కట్టించడమే. బీరుకీ పట్టుబట్టలా అని నవ్వుకున్నాను.

1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో బీరు చూపించడానికి కట్టిన మంటపాన్ని తర్వాత ఈ ఇంటికే ఆనించారు. 1904 కొత్త సంవత్సరం రోజున ఆయన పోయాడు, 1906లో మరియా. 1908లో ఇల్లు చర్చి వాళ్లు కొన్నారు. బీరు మంటపం ఆర్చిబిషప్‌గారి ప్రార్థన గది అయింది! 1975 తర్వాత కూల్చి కార్లు నిలిపే స్థలం చేస్తామన్నారట, ఊరివాళ్లు అడ్డుపడ్డారు. ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. బీరు కాచిన భవనం ఇప్పుడు హోటలు, పెద్ద రాగి బానలు మాత్రం లోపలే ఉంచారు.

సాయంత్రం ఫారెస్ట్ హోమ్ శ్మశానానికి వెళ్లాం. పాబ్స్ట్, బ్లాట్జ్, ష్లిట్జ్, బీరు వ్యాపారులందరూ ఇరుగుపొరుగే. ష్లిట్జ్‌దీ పెళ్లి కథే: యజమాని పోయాక ఆయన భార్యను చేసుకుని ఫ్యాక్టరీకి తన పేరు పెట్టాడు. 1875లో ఇంగ్లండు దగ్గర ఓడ మునిగి పోయాడు. శవం దొరకలేదు, ఇక్కడున్నది రాయి మాత్రమే.

తిరుగు దారిలో మా అమ్మాయి అల్లుణ్ణి చూపిస్తూ, "అమ్మా, నాన్న కొట్టు బోర్డు మీద కూడా ఈయన పేరు రాయిద్దామా?" అంది.

"ముందో ఓడ నడిపి రమ్మను" అన్నాను.