ఏ లిస్టుల లేని పేర్లు

ఆదివారమే అయినా పొద్దున ఫస్ట్ బస్సుకే ఊరికి బయల్దేరిన. బాపుకు మోకాళ్ల నొప్పులు, వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల పోసినం గని ఇంకా కాంటా కాలే, రాత్రి మబ్బు పట్టిందని ఫోన్ చేసి "నీకు పనుంటే రాకు బిడ్డా" అన్నడు. బాపు అట్ల అన్నడంటే రమ్మన్నట్టే.

బస్సుల ఫోన్ తీస్తే మళ్ల ఎవరో మావోయిస్టు సరెండర్ అయిన వార్త. 2025 మొత్తం ఇవే చూసుడైంది. మే 21న అబూజ్‌మాడ్ అడవుల్ల పార్టీ జనరల్ సెక్రటరీ నంబాల కేశవరావు ఎన్‌కౌంటర్, అక్టోబర్ల మా పెద్దపల్లి మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిల ఆయుధాలు అప్పజెప్పుడు, నవంబర్ 18న మారేడుమిల్లి దగ్గర కమాండర్ హిడ్మా ఎన్‌కౌంటర్. పక్క సీటాయన నా ఫోన్ దిక్కు చూసి "ఇగ అయిపాయె తియ్యి, ఇన్నేండ్ల లొల్లి" అన్నడు. నేనేం అనలే. మా ఊర్ల దళాలు తిరుగుడు ఎన్నడో బంద్ అయింది, ఇప్పటి పదో తరగతి పిల్లలకు ఆ రోజులు తెల్వనే తెల్వది, అయినా అది అయిపోయిందని మా ఊర్ల కొన్ని ఇండ్లల్లకు పోయి అనాలంటే నోరు రాదు.

నేను పోయేసరికి బాపు కుప్ప మీద టార్పాలిన్ కప్పి అంచుల పొంటి రాళ్లు పెడ్తున్నడు. సంఘం అక్క మాయిశ్చర్ మిషన్ పట్టుకొని కుప్ప కుప్పకు తిరుగుతుంది, తేమ 17 శాతం లోపల ఉంటేనే కాంటా, మాది 18 దాటి చూపెట్టింది, అంటే ఇంకో మంచి ఎండ కొట్టాలె. మా పక్కన రెండు చిన్న కుప్పలున్నయి, రెండింటికి కలిపి ఒక్కటే టార్పాలిన్. ఒకటి పెద్దమ్మది, ఇంకొకటి అత్తది. చుట్టాలేం కాదు, ఊరి వరసలు. పేర్లు ఇక్కడ రాయను.

పెద్దమ్మ కొడుకు డిగ్రీ చదువుకుంట చదువుకుంటనే అడవి లోపలికి, దళంలకు పోయిండు. కొన్నేండ్లకు ఎన్‌కౌంటర్ అని పేపర్ల ఫోటో వచ్చింది. అత్త వాళ్లాయన మూలమీద కిరాణ కొట్టు నడిపేటోడు, పోలీస్‌స్టేషన్‌కు కూడా సరుకులు పోయేవి, గదే పాపమైంది. ఒక రాత్రి దళమోళ్లు లేపుకపోయిన్రు, తెల్లారేసరికి రోడ్డు పక్కన ఉన్నడు, ఛాతి మీద ఒక కాయితం, అది ఎగిరిపోకుంట చిన్న రాయి. ఇన్ఫార్మర్ అని రాసుండె అండ్ల. అప్పుడు నేను చిన్నదాన్ని, మా అమ్మ ఆ రోజు నన్ను బడికి ఇంకో తొవ్వల తీస్కపోవుడు మాత్రం యాదికున్నది.

తర్వాత చానా ఏండ్లు అత్త ఆ పెద్దమ్మ ఇంటి ముంగట్నుంచి నడవలే. ఆ కొడుకు ఆ దళంల లేకుండె, అసలు అప్పటికే సచ్చిపోయిండు, అయినా "మీ అన్నలు" అని అత్త నలుగుర్ల అన్నప్పుడల్లా అది పెద్దమ్మకు తగలాలనే అంటుండె. ఇప్పుడు ఒకటే టార్పాలిన్ కింద ఇద్దరి వడ్లు. బయటోళ్లు చూస్తే కలిసిపోయిన్రు అనుకుంటరు. కలిసిపోలే. ఒకటే డ్వాక్రా గ్రూపు, ఒకలు కిస్తీ కట్టకపోతే ఇంకొకలకు లోన్ రాదు, మబ్బు పట్టిందంటే ఇద్దరివీ తడుస్తయి, మాట్లాడకుంటే ఎల్లదు గనుక మాట్లాడుకుంటున్నరు. గా ఒక్క ముచ్చట తప్ప అన్నీ మాట్లాడుకుంటరు.

నేను చాయ్ తెచ్చిన. ఇయ్యాల ఏమైందో గని అత్తనే మొదలువెట్టింది, టీవీల చూసినట్టుంది. "అందరు బయటికొస్తున్నరట గద బిడ్డా, వచ్చి ఏం చెప్తున్నరు? మా ఆయన సంగతి ఎవరన్న చెప్పిన్రా?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆమెనే మళ్ల అన్నది, "పోలీసోళ్లు సచ్చిపోతే అక్టోబర్ 21న పరేడ్ చేస్తరు, పేర్లు సదువుతరు. గీమె కొడుకసోంటోళ్లకు జులై ఆఖర్ల అమరుల వారం పెట్టుకున్నరు, స్తూపాలు కట్టుకున్నరు. మా ఆయనకేమున్నది? ఆ కాయితమే ఉన్నది. అండ్ల రాసింది అబద్ధమని వాళ్లల్ల ఒక్కలొచ్చి ఊరి ముంగట చెప్పాలె. నాకు పైసలొద్దు."

పెద్దమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టి, అత్త దిక్కు చూడకుండనే అన్నది. "మావోణ్ని పట్టుకున్నంకనే సంపిన్రు. చేతులకు తాళ్ల అచ్చులుండె, నేనే కడిగిన. నాగ్గూడ పైసలొద్దు. పట్టుకొని సంపినమని రాసియ్యమను."

ఇద్దరు అడిగింది ఒక్కటే. నిజం ఏందో చేసినోడే ఒప్పుకోవాలె, ఊరు వినాలె. ఇన్నేండ్ల సంది మేధావులు, లీడర్లు ఎంతమంది శాంతి గురించి మాట్లాడంగ విన్ననో గని ఇంత సూటిగ ఎవరూ చెప్పలే.

మధ్యాహ్నం అన్నం తినుకుంట బాపుకు చెప్పిన. బాపు కొంచెంసేపు ఊకుండి "గిట్ల రెండు దిక్కులా అడిగినాయన శంకరన్ సారే" అన్నడు. ఎస్.ఆర్. శంకరన్ గారి గురించి ఇప్పటోళ్లకు ఎంతమందికి తెలుసో. ఐఏఎస్ ఆఫీసరు, వెట్టిచాకిరి పోవాలని, దళితుల పిల్లలకు హాస్టళ్లు మంచిగుండాలని సర్వీసంత కొట్లాడిన మనిషి. 1987 డిసెంబర్ల తూర్పు గోదావరి జిల్లా గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ నక్సలైట్లు ఆయన్ను, ఇంకొంతమంది ఆఫీసర్లను ఎత్తుకపోయి, జైల్ల ఉన్న తమవాళ్లను విడిపించుకున్నంకనే వదిలిపెట్టిన్రు. ఇంకొకరైతే ఆ కోపం సచ్చేదాక పెట్టుకుందురు. ఈయన మాత్రం పదేండ్లకు, 1997ల, కమిటీ ఆఫ్ కన్సర్న్‌డ్ సిటిజన్స్‌కు కన్వీనర్ అయ్యి అదే పార్టీకి, అదే సర్కారుకు మధ్య నిలబడ్డడు. హక్కుల లాయరు కన్నబిరాన్ గారు, జర్నలిస్టు పొత్తూరి వెంకటేశ్వరరావు గారు, ప్రొఫెసర్ హరగోపాల్ సార్ ఉండె ఆయన తోటి. ఊర్లు తిరిగిన్రు, జనం చెప్పింది విన్నరు, రెండు దిక్కులకు ఉత్తరాలు రాసిన్రు. సర్కారుకేమో చట్టం, రాజ్యాంగం మీకే వర్తించకపోతే ఎట్ల, పట్టుకున్నోణ్ని కోర్టుకు తేవాలె గని సంపుడేంది అని. పార్టీకేమో ఇన్ఫార్మర్ పేరుతోటి మనుషుల్ని సంపుడు, బస్సులు కాలవెట్టుడు ఏం న్యాయం అని. పార్టీ కూడా రాతల జవాబిచ్చేది. ఇది చిన్న సంగతి కాదు, తుపాకి పట్టుకున్నోడు ఒక ముసలాయన ఉత్తరానికి జవాబు రాసుకుంట కూసున్నడంటే.

2004ల అవే ప్రయత్నాలు చర్చల దాకా తెచ్చినయి. జూన్ల కాల్పులు ఆగినయి, అక్టోబర్ 11న పార్టీ నాయకుడు రామకృష్ణ వాళ్లు నల్లమల నుంచి బయటకొచ్చిన్రు, 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌ల మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల సంస్థల హోం మంత్రి జానారెడ్డి ఎదురుంగ కూసున్నరు. వాళ్లు దిగిన మంజీర గెస్ట్‌హౌస్ ముంగట జనం అర్జీలు పట్టుకొని లైన్ కట్టిన్రు, భూమి పంచాయితీలు, ఇంకేవేవో బాధలు, ఎవరు వింటే వాళ్లకు చెప్పుకుందామని. ఆ నెల రోజులు ఊర్ల నిద్ర పట్టిందని బాపు ఇప్పటికీ అంటడు. రెండో విడత జరగనే లేదు. ఆయుధాలు ఇడిసి తిరగాలె అనేదగ్గర ఆగిపోయింది, 2005 జనవరిల మళ్ల ఎన్‌కౌంటర్లు, పార్టీ చర్చల్లకెల్లి తప్పుకునుడు, ఆగస్టు 15న నారాయణపేట్ల ఎమ్మెల్యే నర్సిరెడ్డి గారిని, ఆయనతో ఉన్నోళ్లను కాల్చి సంపుడు, రెండు రోజులకు పార్టీ మీద నిషేధం. భూముల మీద కోనేరు రంగారావు కమిటీ అన్న వచ్చింది, 104 సిఫారసులు చేసింది. సచ్చినోళ్ల నిజం మాత్రం ఏ ఊరి ముంగటా తేలలే. శంకరన్ గారు 2010 అక్టోబర్ 7న పోయిన్రు, అటెనుక గంత నమ్మకంగ రెండు దిక్కులా మాట్లాడే మనిషి మనకు దొరకలే.

ఇది అయ్యేపని కాదు అనేటోళ్ల కోసం కొలంబియా సంగతి చెప్పాలె. అక్కడ 2016ల సర్కారుకు, ఫార్క్ గెరిల్లాలకు ఒప్పందమైనంక ఇసొంటి నేరాల కోసం ప్రత్యేకంగ ఒక కోర్టు పెట్టిన్రు. పూర్తి నిజం ఒప్పుకుంటే జైలు ఉండది, నష్టపోయినోళ్లకు పనికొచ్చే పని చెయ్యాలె. ఒప్పుకోకపోతే జైలే. మామూలు పోరగాళ్లకు పని ఇప్పిస్తమని తీస్కపోయి సంపి, గెరిల్లా బట్టలు తొడిగి, ఆర్మీ లెక్కల్ల చూపెట్టుకున్న కేసులుండె అక్కడ, 2002 నుంచి 2008 దాక కనీసం 6402 మందిని అట్ల సంపిన్రని ఆ కోర్టే లెక్క చెప్పింది. సొయాచా అనే ఊరి తల్లులు ఏండ్ల తరబడి బిడ్డల ఫోటోలు పట్టుకొని తిరిగితే వచ్చిన లెక్క అది. 2022 ఏప్రిల్ల ఒకాన్యా అనే పట్నంల మాజీ సైనికాధికారులు ఆ కుటుంబాల ముంగట నిలబడి మీవాళ్లు గెరిల్లాలు కాదు, మేమే సంపినం అని ఒప్పుకున్నరు. అదే ఏడు జూన్ల ఫార్క్ పాత నాయకులు కిడ్నాపుల సంగతి గట్లనే బాధితుల ముంగట ఒప్పుకున్నరు. మా అత్త అడిగిందీ, పెద్దమ్మ అడిగిందీ రెండూ అక్కడ జరిగినయి.

మరి మన దగ్గర? 2025 ఏప్రిల్ల జస్టిస్ చంద్రకుమార్ గారు, హరగోపాల్ సార్ వాళ్లు శాంతి చర్చల కమిటీ తరఫున ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డిని కలిసి, కాల్పులు ఆపేటట్టు కేంద్రం తోటి మాట్లాడమని అడిగిన్రు. మంచి పని, నాకు వాళ్ల మీద గౌరవం. గని ఇప్పుడు సరెండర్ అయినోళ్లకు తల మీదున్న రివార్డు పైసలు వాళ్లకే ఇచ్చి ఇంటికి పంపుతున్నరు, ప్రెస్‌మీట్ల ఫోటో దిగుడు, జన జీవన స్రవంతి అనుడు, అంతే. ఎవరిని ఎందుకు సంపిన్రో ఎవరన్న అడుగుతున్నరా? పోలీసు ఫైళ్లల్ల ఉన్న పాత ఎన్‌కౌంటర్ల సంగతి ఎవరన్న తీస్తున్నరా? సర్కారుకు, పార్టీకి ఇద్దరికీ ఇప్పుడు మర్చిపోవుడే ఫాయిదా. ఊర్లల్ల ఆడోళ్లకు మాత్రం అది కుదరది.

గీ ముచ్చట బయట ఎత్తొద్దన్నడు బాపు. పాత పుండు ఎందుకు గెలుకుడు, వాళ్లే మంచిగ బతుకుతున్నరు గద అన్నడు. బాపు భయం నాకు తెలుసు, రెండు దిక్కులా దెబ్బలు చూసిన మనిషి. కానీ ఆ పుండు మానిందని ఎవరన్నరు, ఇయ్యాల చాయ్ దగ్గర చూసిన గద.

కరీంనగర్ వచ్చినంక రాత్రి శాంతి చర్చల కమిటీ వాళ్లకు ఉత్తరం మొదలువెట్టిన. ఒక్కటే అడుగుతున్న, మీరు చర్చల కోసం తిరిగేటప్పుడు ఊర్లకు గూడ రాండ్రి, రెండు దిక్కులా సచ్చినోళ్ల పేర్లు ఒకటే లిస్టుల రాయుండ్రి, ఇన్ఫార్మర్లని పేరువెట్టి సంపినోళ్లవి గూడ అండ్లనే రావాలె. పేర్లు రాయాల్నా వద్దా అని ఇద్దరికీ ఫోన్ చేసి అడిగిన. అత్త రాయమన్నది, ఇంటిపేరు తోటి సహా. పెద్దమ్మ రేపు చెప్తా అన్నది, ఇంకో కొడుకు కాంట్రాక్ట్ నౌకరీల ఉన్నడు, వాణ్ని అడగాల్నట.