ఏటీవీ ఫోర్ వీల్ డ్రైవ్: మీటరు 12 వోల్టులు చూపించినా ముందు చక్రాలు ఎందుకు తిరగలేదంటే

మా ఏటీవీలో (బురదలో, గతుకుల్లో నడిపే నాలుగు చక్రాల బండి) ఫోర్ వీల్ డ్రైవ్ స్విచ్ నొక్కితే డ్యాష్‌లో లైటు వెలిగేది కానీ ముందు చక్రాలు లాగేవి కావు. అదీ ఎప్పుడూ కాదు. ఒక్కోసారి బాగానే పట్టుకునేది, బురదలో హ్యాండిల్ కుడికి తిప్పగానే వదిలేసేది, వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతూ బండి పక్కకు జారేది. వాలు మీద ఇలా జరిగితే చాలా ప్రమాదం, అందుకే కారణం దొరికేదాకా వదలకూడదనుకున్నాను.

ఫోర్ వీల్ డ్రైవ్ కలిపే పద్ధతి అన్ని బళ్లలో ఒకటి కాదు. కొన్నిటిలో ముందు డిఫరెన్షియల్ (రెండు ముందు చక్రాలకూ శక్తి పంచే గేర్ల పెట్టె) మీద చిన్న మోటారు ఉండి, లోపల గేరును కలిపే ఫోర్కును జరుపుతుంది. వాటిలో స్విచ్ నొక్కగానే మోటారు శబ్దం వినిపిస్తుంది, అది వినబడిందా లేదా అన్నదాంట్లోనే సగం జవాబు ఉంటుంది. మాది రెండో రకం. డిఫరెన్షియల్ లోపల విద్యుదయస్కాంత కాయిల్ ఉంటుంది, కరెంటు ఉన్నంతసేపు అది ఒక ప్లేటును పట్టి ఉంచుతుంది, వెనక చక్రాలు జారినప్పుడు రోలర్లు బిగుసుకుని ముందు చక్రాలకు శక్తి అందుతుంది. వోల్టేజి తగ్గితే ఆ పట్టు ఉండదు. ఇక డ్యాష్ లైటు, మా బండిలో అది స్విచ్ ఆన్‌లో ఉందని చెబుతుందంతే, కాయిల్ దాకా కరెంటు చేరిందని కాదు.

బ్యాటరీ 12.6 వోల్టులు, ఇంజన్ నడుస్తుంటే 14 దగ్గర. ఫ్యూజు బాగుంది. ప్లగ్ ఊడదీసి కాయిల్ రెసిస్టెన్స్ చూస్తే 24 ఓమ్‌లు, మాన్యువల్‌లో ఇచ్చిన పరిధిలోనే ఉంది. అదే ప్లగ్‌లో హార్నెస్ (బండి వైర్ల కట్ట) వైపు మీటరు పెడితే 12.3 వోల్టులు. ఇక్కడే చాలామంది వైరింగ్ సరే, కాయిల్ సరే, డిఫరెన్షియల్ విప్పాల్సిందే అంటారు. నాకూ ఒక మెకానిక్ అదే చెప్పాడు. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే హ్యాండిల్ తిప్పితే వచ్చిపోయే లోపం గేర్లలో ఉండదు, కదిలే వైరులో ఉంటుంది.

ఊడదీసిన ప్లగ్‌లో వచ్చే రీడింగును నమ్మడానికి లేదు. డిజిటల్ మల్టీమీటరు దాదాపు కరెంటే తీసుకోదు, కాబట్టి తీగను చిలుము చాలావరకు తినేసినా పూర్తి వోల్టేజి చూపిస్తుంది. కాయిల్‌కు మాత్రం అర ఆంపియర్ కావాలి. ఆ కరెంటు పారడం మొదలయ్యాకే పాడైన చోట వోల్టేజి పడిపోతుంది. అందుకే ప్లగ్ మళ్లీ పెట్టేసి, వెనక నుంచి సన్నటి పిన్నులు దూర్చి, స్విచ్ ఆన్ చేసి కొలిచాను. కాయిల్ మీద 7 వోల్టులే! ఎక్కడ పోతోందో తెలియాలి కదా, మీటరు నల్ల వైరును బ్యాటరీ మైనస్‌కు పెట్టి ఒక్కో వైపూ చూశాను. ప్లస్ వైరులో 12.2, బాగుంది. కాయిల్ నుంచి వెనక్కి వచ్చే వైరులో 5.2. ఆ వైపు సున్నాకు దగ్గరగా ఉండాలి. అంటే కరెంటు రావడంలో ఇబ్బంది లేదు, తిరిగి వెళ్లే దారిలోనే అడ్డు ఉంది. మీటరు అలాగే ఉంచి హ్యాండిల్ కుడికి తిప్పిస్తే ఆ 5.2 ఇంకా పెరిగింది. లోపం స్టీరింగ్ కాండం (హ్యాండిల్‌తో పాటు తిరిగే నిలువు కడ్డీ) దగ్గర వంగే వైరులోనే ఉందని అప్పుడే తేలిపోయింది.

హార్నెస్ టేపు విప్పితే పైకి వైరు మామూలుగానే కనిపించింది. వేళ్లతో వంచుతూ పోతే ఒకచోట మెత్తగా, సాగినట్టు తగిలింది. ఇన్సులేషన్ కోసి చూస్తే లోపల రాగి మొత్తం పచ్చని చిలుము పట్టి పొడిగా రాలింది. నీళ్లు ఒక చిన్న గీటు గుండా దూరి తీగ వెంట పాకినట్టున్నాయి, మెరిసే రాగి కనబడేదాకా రెండు వైపులా చాలా దూరం కోయాల్సి వచ్చింది.

అదే మందం ఉన్న కొత్త వైరు ముక్క వేసి, సోల్డర్ చేసి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవ్ వేశాను. సోల్డర్ చేసిన చోటు గట్టిపడుతుంది, పదేపదే వంగితే దాని పక్కనే తెగుతుంది, కాబట్టి అతుకులు రెండూ కాండానికి దూరంగా, కదలని చోట పడేలా చూసుకున్నాను. హ్యాండిల్ రెండు కొసలకూ తిప్పినా బిగుసుకోకుండా వైరు కాస్త వదులుగా ఉంచాను. కాయిల్ ప్లగ్ పిన్నులు శుభ్రం చేసి, తడి చేరకుండా డైఎలక్ట్రిక్ గ్రీజు పెట్టాను.

మళ్లీ కొలిస్తే కాయిల్ మీద 12 వోల్టులు, హ్యాండిల్ ఎటు తిప్పినా మారలేదు. అప్పటిదాకా బండి జారుతూ వచ్చిన తడి వాలు మీదికే తీసుకెళ్లాను, వెనక చక్రాలు కాస్త జారాయో లేదో ముందువి పట్టుకుని లాగేశాయి. టైటుగా కుడికి తిప్పి కూడా చూశాను, వదల్లేదు.