మ్యాన్‌హోల్ దగ్గర రిహార్సల్: ఈ విడత సంగతులు

నాటకాల సరదాని ఫ్యాక్టరీ ట్రైనింగ్‌లోకి తెచ్చే పని ఈ విడత బాగా ముందుకు సాగింది. ఇప్పుడు ఒక్క అంశం మీదే కూర్చున్నాను: రియాక్టర్లలోకి (మందుల రసాయనాలు తయారుచేసే పెద్ద మూత పాత్రలు), ట్యాంకుల్లోకి మనిషి దిగి చేసే పని. మందుల కంపెనీల్లో పనిచేసేవాళ్లకి దీని సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇదే ఎందుకంటే, ఇక్కడ తెలియక పోయే ప్రాణాల కన్నా తెలిసీ పోయేవే నన్ను ఎక్కువ బాధపెడతాయి. కార్మికుల భద్రత మీద పరిశోధన చేసే అమెరికా సంస్థ నియోష్ 1986లో ఇచ్చిన హెచ్చరికలో, ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లేనని ఉంది. లోపల ఒకడు పడిపోతాడు, పైనున్నవాడు "ఒరేయ్" అంటూ దూకేస్తాడు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కన్నా తగ్గితే దిగకూడదు. నైట్రోజన్ నిండిన రియాక్టర్లో అది 6 శాతానికి పడిపోయిందంటే క్షణాల్లోనే స్పృహ తప్పుతుంది. నైట్రోజన్‌కి రంగూ లేదు, వాసనా లేదు. ఈ అంకెలన్నీ మావాళ్లు పరీక్ష పెడితే టకటకా చెప్పేస్తారు. అయినా ఆ క్షణంలో బుర్ర కన్నా కాళ్లు ముందు కదుల్తాయి. కాళ్లకి నేర్పాలంటే రిహార్సల్ చేయించాల్సిందే.

ఏటా మార్చి 4న మొదలయ్యే భద్రతా వారోత్సవాల్లో స్కిట్లు వేస్తూనే ఉన్నాం. హెల్మెట్ పెట్టుకోనివాడు పోతాడు, భార్య ఏడుస్తుంది, చప్పట్లు, షీల్డు. చూడ్డానికి వచ్చినవాడు చూసి వెళ్లిపోతాడు. అందుకని బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ 1970లలో రూపుదిద్దిన ఫోరమ్ థియేటర్ పద్ధతి పట్టుకున్నాను. సన్నివేశాన్ని చెడిపోయేదాకా ఒకసారి ఆడతాం. రెండోసారి మళ్లీ అదే ఆడుతుంటే, కూర్చున్నవాళ్లలో ఎవరైనా "ఆగు" అని లేచి, నలిగిపోతున్న పాత్రలోకి తనే వచ్చి వేరే దారి చూపించొచ్చు. పెత్తనం చేసే పాత్రని మాత్రం మార్చకూడదు. సూపర్‌వైజర్ ఉన్నట్టుండి మంచివాడైపోతే ఇక నేర్చుకునేదేముంది?

సెట్టు వివరాలు. క్యాంటీన్ నుంచి రెండు ఇనుప బల్లలు తెచ్చి, మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ వదిలి, దాని మీద మ్యాన్‌హోల్ (ట్యాంకులోకి మనిషి దిగే రంధ్రం) కొలతకి కోసిన ప్లైవుడ్ బిగించాం. చుట్టూ మా నాటక సమాజం వాళ్ల నల్ల తెర. నిజం ట్యాంకు దగ్గర రిహార్సల్ పెట్టం, అది ఖాళీగా ఉన్నా సరే. పాత్రలు నాలుగు: దిగేవాడు, బయట కాపలా ఉండే హోల్ వాచ్, సూపర్‌వైజర్, దిగడానికి అనుమతి పత్రం (పర్మిట్) రాసే ఇంజనీరు. నిజం సూపర్‌వైజర్‌కి హోల్ వాచ్ వేషం ఇస్తాం. తను రోజూ అనే మాటలే ఎదుటివాడి నోట వింటుంటే ఆయన ముఖంలో వచ్చే మార్పు చూసి తీరాలి.

కీలకమైన చోటు ఇది. సూపర్‌వైజర్ వచ్చి "పొద్దున గ్యాస్ చూశారుగా, అయిదు నిమిషాల పని, దిగమను" అంటాడు. హోల్ వాచ్ "అది కాదు సార్... పొద్దున చూసింది సార్..." అని నసుగుతాడు. మాట తప్పేమీ కాదు. కానీ మెడ వంగిపోతుంది, చూపు నేలకి దిగుతుంది, రెండో "సార్" దగ్గరికి వచ్చేసరికి గొంతే ఉండదు. నాటకంలో ఎవరు పైచేయి, ఎవరు కిందచేయి అన్నది ఒళ్లే చెప్తుందని నాటక గురువు కీత్ జాన్‌స్టన్ నటులకి నేర్పింది సరిగ్గా దీన్నే. మేం "సార్" తీసేయలేదు, మన దగ్గర అది తీసేస్తే గొడవే. "మీటర్ పెట్టేదాకా దింపను సార్." (మీటరంటే లోపలి గాలిని కొలిచే పరికరం.) రెండు పాదాలూ ఆనించి, చెయ్యి మ్యాన్‌హోల్ అంచు మీద పెట్టి, చివరి అక్షరం దాకా ఒకే గొంతుతో అనాలి. దీన్నే పదే పదే అనిపించాం.

ఓ సెషన్లో వెనక వరస నుంచి ఒక పెద్ద ఫిట్టర్ లేచి వచ్చాడు. వాదించలేదు. ప్లైవుడ్ ఎక్కి రంధ్రానికి అడ్డంగా కూర్చుని, తువ్వాలు భుజాన సర్దుకుని, "మీటర్ తెప్పించు బాబూ, అందాకా ఇక్కడే ఉంటా" అన్నాడు. సూపర్‌వైజర్ వేషంలో ఉన్న కుర్రాడికి మాట రాలేదు. ఏ రచయితకీ తట్టని కదలిక అది. ఇప్పుడు స్క్రిప్టులో పెట్టేశాం.

అంకెలు, కారణాలు చెప్పే భాగానికి బుర్రకథ వరస వాడుతున్నాను. కథకుడు మధ్యలో, వంతలు అటూ ఇటూ. హాస్యపు వంత పని, అందరికీ ఉన్నా అడగడానికి సిగ్గుపడే అనుమానాన్ని బయటికి అనెయ్యడం: "వాసన పోయిందంటే గ్యాస్ పోయినట్టేగా అన్నా?" అప్పుడు కథకుడు హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు సంగతి చెప్తాడు. మొదట కుళ్లిన గుడ్డు వాసన, 100 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్లు) దగ్గరికి వచ్చేసరికి ముక్కే మొద్దుబారిపోతుంది. రాజకీయపు వంత యాజమాన్యాన్ని అడుగుతాడు: "మీటర్ ఒకటి, ట్యాంకులు మూడు, ఎట్లా?" తర్వాత, లోపలి గాలిని పరీక్షించినవాడు రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలని, లేదంటే శ్వాస పరికరం, నడుముకి బెల్టు, బయట తాడు పట్టుకునే మనిషి ఉండాలని ఎప్పుడో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే రాశారని గుర్తుచేస్తాడు. పొన్నెకల్లు నాజర్ గారు చూపించిన బలం ఈ ప్రక్రియది. దాన్ని వేదికలకే వదిలేయడం నాకిష్టం లేదు.

గొంతు విషయం. కంప్రెసర్ హోరులో అరిస్తే మాట పగిలిపోతుంది. అచ్చుల్ని సాగదీసి, వాక్యం పొట్టిగా, అంకె చెప్పాక ఒక ఊపిరి ఆగి చెప్పాలి. వెలుగు మన ముఖం మీద పడేలా నిలబడితే ఇయర్‌ప్లగ్ పెట్టుకున్నవాడు పెదాలు చూసైనా పోల్చుకుంటాడు. చివరి వరసలో ఒకరి చేత తిరిగి చెప్పించుకోవాలి, "అర్థమైందా" అని అడిగితే అందరూ తలూపుతారు.

పడిపోయే నటన చేసేవాడు మోకాలు, తుంటి, భుజం వరసలో ఒరగాలి, ఊపిరి బిగబట్టనివ్వకూడదు. ఇలాంటి ప్రమాదం కళ్లారా చూసినవాళ్లు గుంపులో ఉండొచ్చు. వాళ్లని ముందే పక్కకి పిలిచి అడగాలి, వద్దంటే బలవంతపెట్టొద్దు.

ఫలితం కొంచెం కనపడుతోంది. ఈమధ్య క్లీనింగ్ పని దగ్గర కొత్త కుర్రాడొకడు "దింపను సార్" అని నిలబడ్డాడు. మీటర్ వచ్చింది, పని అరగంట ఆలస్యమైంది, ఎవరూ ఏమీ అనలేదు.

మిగిలింది ఒడియా, హిందీ మాట్లాడే కాంట్రాక్టు మనుషుల పని. గంజాం నుంచి వచ్చిన వెల్డరొకతను హోల్ వాచ్ డైలాగులు ఒడియాలో తనే తిరగరాస్తున్నాడు. అవి చేతికొచ్చాక నైట్ షిఫ్టులో వేస్తాం, ట్రైపాడ్‌తో (మూడు కాళ్ల స్టాండు), పడిపోయిన మనిషికి బదులు పెట్టిన బొమ్మని పైకి లాగే భాగం కూడా అప్పుడే కలుపుతాం.