ఓర్వకల్లు బండలు మగ్గమెక్కాయి

ఎమ్మిగనూరులో మగ్గమంటే చీరలు, దుప్పట్లు, తువ్వాళ్లు. గోడకు వేలాడదీసే బొమ్మ నేస్తానంటే మా పెద్దనాన్న నన్ను ఎగాదిగా చూశారు. "నాడె లేకుండా నేతేమిటమ్మా?"

టాపెస్ట్రీ అంటే అలాంటి బొమ్మల నేత. మామూలు నేతలో పేకను, అంటే అడ్డపోగును, ఈ అంచు నుంచి ఆ అంచుకు మోసేది నాడె. ఇందులో పేక అలా పోదు. ఆ రంగు ఎంతమేర కావాలో అంతమేరే నడిచి వెనక్కి మళ్లుతుంది. ఒక్కో రంగుకు ఒక్కో కండె. నిలువుగా బిగించిన గట్టి నూలు పడుగు మీద ఉన్ని పేక నడిపి దువ్వెనతో దించి కొడితే పడుగు పూర్తిగా కనుమరుగవుతుంది. బొమ్మంతా పేకదే.

చిక్కంతా నిలువు గీతల దగ్గర. రెండు రంగులు ఒకేచోట పదేపదే ఎదురుపడి మళ్లితే మధ్యలో చీలిక వస్తుంది. చిన్నదైతే నీడలా పనికొస్తుంది, పొడవైతే కుట్టాలి. రెండు రంగులూ ఒకే పడుగు పోగును పంచుకుంటే చీలిక ఉండదు కానీ అంచు రంపపు పళ్లలా తేలుతుంది. నాకది నచ్చదు.

కర్నూలు దగ్గరి ఓర్వకల్లు రాతివనంలో నేను ఎంచుకున్న బండలేమో నిట్టనిలువు పగుళ్లవి. అందుకే బొమ్మ గీసిన కాగితాన్ని పక్కకు తిప్పి పడుగు వెనుక కట్టాను. పగుళ్లన్నీ అడ్డగీతలైపోయాయి. ఐరోపా నేతగాళ్లు ఎన్నో శతాబ్దాలుగా చేస్తున్న పనే ఇది. మెడనొప్పి మాత్రం నాది.

బండకు ఒక్క గోధుమ రంగు చాలదు. తుప్పు, బూడిద, కాస్త వంగపండు రంగు పోగులు కలిపి ఒకే కండెకు చుడుతున్నాను. దగ్గర నుంచి మూడూ కనిపిస్తాయి, నాలుగడుగులు వెనక్కి వెళితే రాయి. పెద్దనాన్న నిన్న అదే పనిగా వెనక్కీ ముందుకీ నడిచి చూశారు. "మీటరుకు ఎంత పడుతుంది?" అన్నారు.