డెడ్‌లైన్‌కి అందే కెమెరా: ఎంపికలో నా అనుభవం

వార్తా ఫోటోగ్రఫీకి కెమెరా చూసేటప్పుడు నేను మెగాపిక్సెళ్ల జోలికి ముందే పోను. షట్టర్ నొక్కాక ఫోటో పత్రికాఫీసు డెస్క్‌కి చేరేలోపు ఏది ఎక్కడ మొరాయిస్తుందో చూస్తాను. 24 మెగాపిక్సెళ్లంటే దాదాపు 6000×4000. పత్రికలో పెద్ద ఫోటోకీ చాలు. అంతకు మించితే బఫర్ (కార్డులోకి ఎక్కేలోపు ఫోటోలు ఆగే కెమెరా తాత్కాలిక మెమరీ) ఖాళీ కావడానికీ, అప్‌లోడ్‌కీ ఆలస్యమే.

రెండు కార్డు స్లాట్లు లేని బాడీని (లెన్స్ తీసేసిన కెమెరాని) పక్కన పెట్టేస్తాను. రెండో స్లాట్‌ను ఓవర్‌ఫ్లోలో, అంటే మొదటిది నిండాకే వాడేలా వదిలేస్తే మాత్రం మొదటి కార్డు పోయిన రోజు ఒరిగేదేమీ ఉండదు. నేను ప్రతి ఫోటోనీ ఒకదాంట్లో రా (సెన్సర్ ఇచ్చిన మొత్తం సమాచారం ఉన్న పెద్ద ఫైలు), మరోదాంట్లో జేపెగ్ (కుదించిన చిన్న ఫైలు) రాయిస్తాను. ఒక స్లాట్ వేగమైన సీఎఫ్ఎక్స్‌ప్రెస్ కార్డుది, ఇంకోటి అంతకంటే నెమ్మదైన ఎస్‌డీ కార్డుది అయితే బఫర్ నెమ్మది కార్డు వేగానికే పడిపోతుంది. కార్డు మీద పెద్దగా వేసే అంకె తరచూ చదివే వేగం. ఎస్‌డీ కార్డులో చూడాల్సింది వీ60, వీ90 గుర్తు. అది సెకనుకు కనీసం 60, 90 మెగాబైట్లు ఆగకుండా రాయగలదని చెబుతుంది.

సైలెంట్ షట్టర్‌ను (తెర కదలకుండా సెన్సరే చప్పుడు లేకుండా ఫోటో తీసే పద్ధతిని) ఎల్‌ఈడీ లైట్ల కింద పరీక్షించకుండా కొనకూడదు. సెన్సర్ వరుస వరుసగా చదువుతుంది కాబట్టి ఫోటోలో అడ్డచారలు పడతాయి, వేగంగా కదిలేవి ఒంగిపోతాయి. చాలా వేగంగా చదివే స్టాక్డ్ సెన్సర్లలో ఈ బెడద చాలా తక్కువ. నికాన్ జెడ్9లో మెకానికల్ షట్టరే లేదు, నడిచేదంతా ఆ సెన్సర్ వేగం మీదే. సాధారణ సెన్సర్ అయితే ప్రెస్‌మీట్‌లో మెకానికల్‌కి మారడమే మేలు, చప్పుడైతే అవనీ.

రెండు బాడీలు ఒకే మోడల్ ఉంటే బ్యాటరీలు, చార్జర్లు, బటన్లు అన్నీ ఒకటే. ఒకదానికి 24-70 ఎంఎం జూమ్ లెన్స్, ఇంకోదానికి దూరంవి తీసే 70-200 ఎంఎం, రెండూ తక్కువ వెలుతురులోనూ పనికొచ్చే ఎఫ్/2.8. లెన్స్ మార్చే పనీ, సెన్సర్ మీద దుమ్మూ తగ్గుతాయి. రెండింటి గడియారాలూ సెకనుతో సహా కలపాలి. లేకపోతే డెస్క్‌లో వరుస తారుమారై క్యాప్షన్లు తప్పుతాయి.

ఎక్కువ సమయం ఫోటోలు పంపే ఏర్పాటు మీదే పెడతాను. కెమెరాలోని ఎఫ్‌టీపీని (నెట్ ద్వారా ఫైళ్లను నేరుగా సర్వర్‌కి పంపే పద్ధతిని) డెస్క్ సర్వర్‌తోనే ప్రయత్నించాలి: పాసివ్ మోడ్ అనే కనెక్షన్ సెట్టింగ్, భద్రతా సర్టిఫికెట్, పాస్‌వర్డ్, ఫోల్డర్ పేరు, వీటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఫోటో వెళ్లదు. జనం మూగిన చోట వైఫై, మొబైల్ డేటా రెండూ నీరసిస్తాయి కనుక నెట్‌వర్క్ కేబుల్ పెట్టే ల్యాన్ పోర్టు ఉన్న బాడీకి నా దగ్గర మార్కులెక్కువ. పొడుగు వైపు 3000 పిక్సెళ్లకు తగ్గించిన జేపెగ్ ముందు పంపి, పూర్తి సైజు తీరిగ్గా పంపొచ్చు. పేరు, ఊరు, తేదీ ఉన్న ఐపీటీసీ టెంప్లేట్ (ఫోటో ఫైల్లోనే చేరే వివరాల నమూనా) ముందే సిద్ధంగా ఉండాలి.

వాన తట్టుకుంటుందన్న మాట బాడీతోపాటు లెన్స్ బిగించే మౌంట్ దగ్గర కూడా రబ్బరు సీల్ ఉంటేనే నిజం. ఏసీ గదిలోంచి ఉక్కలోకి వస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. జిప్ కవర్లో మూసి బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. విమానంలో విడి లిథియం బ్యాటరీలు చేతి సామానులోనే వెళ్లాలి, టెర్మినళ్లకు మూత ఉండాలి.

పెద్ద పని ముందురోజు ఫర్మ్‌వేర్ (కెమెరాని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) మార్చను. ఒక్కోసారి ఆ అప్‌డేట్ తర్వాత వేరే కంపెనీ బ్యాటరీని కెమెరా ఒప్పుకోదు.